ఫ్యాక్టరీ నీళ్ల లెక్క అడగడం ఎలా? నెల్లూరు జిల్లా పల్లెల కోసం భూగర్భ జలాల రక్షణ మార్గదర్శి

మా మేనమామ వాళ్ల ఊరు పెన్నా డెల్టాలో ఉంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే పెరట్లో ఉన్న ఫిల్టర్ పాయింట్ (ఇసుక నేలలో తక్కువ లోతుకు దింపిన గొట్టపు బావి) నీళ్లే తాగేవాళ్లం. ఊరి పడమటి పక్కన ఒక బాయిల్డ్ రైస్ మిల్లు (వడ్లు నానబెట్టి ఉడికించి బియ్యం ఆడే మిల్లు) వచ్చింది. నాలుగైదేళ్ల తర్వాత ఆ నీళ్లలో పసుపు రంగు, నానిన వడ్లు కుళ్లిన వాసన మొదలయ్యాయి. మామయ్య అర్జీ రాయించుకుని నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి అధికారి కాగితం చదివి ఒక్క ప్రశ్న అడిగాడు. "మిల్లు రాకముందు ఈ నీళ్లు ఎలా ఉండేవో రాసిపెట్టుకున్నారా?" మా దగ్గర ఏమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మామయ్య ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. చట్టాలు చదివాను, ఈటీపీల్లో (ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంట్లలో) పనిచేసిన వాళ్లతో కూర్చుని మాట్లాడాను. చివరికి నాకు అర్థమైంది ఇది: రంగు, వాసన, దురద గురించి చెబితే "చూద్దాం" అంటారు. "రోజుకు ఇన్ని వేల లీటర్లు లోపలికి వెళ్లాయి, ఇన్నే బయటికి లెక్క తేలాయి, మిగతావి ఎక్కడ?" అని అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ ప్రశ్న అడగడానికి సర్పంచ్, యువకులు, రైతులు ఏమేం సిద్ధం చేసుకోవాలో వరుసగా చెబుతాను. ఫ్యాక్టరీ నడిపేవాళ్లకు కూడా కొంత ఉంది.

మొదటి అడుగు: మీ కాళ్ల కింద ఉన్న నేల ఏదో తెలుసుకోండి

మన జిల్లాలో నేల అంతా ఒకటి కాదు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, ముత్తుకూరు వైపు ఇసుక, ఒండ్రు. నీళ్లు పైపైనే దొరుకుతాయి, అందుకే ఫిల్టర్ పాయింట్లు. పైనుంచి పోసింది కూడా అంతే సులువుగా కిందికి దిగుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు, రాపూరు వైపు రాతి నేల. అక్కడ నీళ్లు రాయి పగుళ్లలో నడుస్తాయి. పక్క బోరు బాగుండి, అర కిలోమీటరు అవతలి బోరు చెడిపోవడం అక్కడ వింతేమీ కాదు. పగులు ఎటు పోతే మురికి అటు పోతుంది.

ఇసుక నేలలో ఇంకో చిక్కుంది. భూమిలో నీళ్లు చాలా నెమ్మదిగా నడుస్తాయి. రోజుకు 4 అంగుళాలు కదిలాయనుకుందాం. ఏడాదికి సుమారు 120 అడుగులు. మిల్లు వెనక గుంటకు 600 అడుగుల దూరంలో మీ ఇల్లుంటే, మురికి మీ ఫిల్టర్ పాయింట్ చేరడానికి ఐదేళ్లు పడుతుంది. అప్పటికి మిల్లు యజమాని మారిపోయి ఉండొచ్చు. గుంట పూడ్చేసినా దారిలో ఉన్న మురికి ఇంకొన్నేళ్లు వస్తూనే ఉంటుంది. మామయ్య వాళ్ల పెరట్లో జరిగింది కూడా ఇదేనని నా నమ్మకం.

తీరం దగ్గర మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటాయి. భూజల శాస్త్రంలో ఒక మోటు లెక్క చెబుతారు: సముద్రమట్టానికి పైన మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, కింద ఉప్పునీటి హద్దు దాదాపు 40 అడుగులు పైకి రాగలదు. అంటే ఫ్యాక్టరీ ఒక్క చుక్క మురికి వదలకపోయినా, బోర్లతో అతిగా తోడితే చాలు, ఊరి నీళ్లు ఉప్పెక్కుతాయి. వాడిన నీటినే మళ్లీ వాడమని ఒత్తిడి చేయాల్సింది మొదట ఇందుకే.

నీళ్లు ఎటు నడుస్తున్నాయో తెలియాలంటే చుట్టూ ఉన్న బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలవాలి. తెల్లవారకముందు, మోటార్లు వేయకముందు కొలవండి. జిల్లా భూగర్భ జల శాఖ ఆఫీసులో పీజోమీటర్ బావుల (నీటిమట్టం కొలవడానికే తవ్విన బావుల) రీడింగులు ఉంటాయి, అడిగి తీసుకోండి. భూమిలో నీళ్లు వచ్చే వైపు, అంటే ఫ్యాక్టరీకి ఎగువన ఒకటి, నీళ్లు పోయే వైపు దిగువన కనీసం రెండు బోర్లు ఎంచుకోండి. ఎగువ బోరు లేకపోతే మీ లెక్కకు విలువ సగం పోతుంది. "ఊరంతా నీళ్లు ఇలాగే ఉన్నాయి" అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

రెండో అడుగు: ఈరోజే రిజిస్టర్ మొదలుపెట్టండి

ఫ్యాక్టరీ ఇంకా కట్టకముందే అయితే మేలు. కట్టేసి ఉన్నా ఫరవాలేదు, ఆలస్యమైందని మానేయవద్దు.

టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పులు, ఖనిజాల మొత్తం) కొలిచే మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నెలకోసారి అవే బోర్లలో కొలిచి తేదీ, సమయం, నీటిమట్టం, టీడీఎస్, పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె, దానికి వేరే పరికరం) రాయండి. పంచాయతీ కార్యదర్శి చేత సంతకం పెట్టించండి. ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకసారి, ఈశాన్య వానలు పోయాక జనవరిలో ఒకసారి, ల్యాబ్‌లో పూర్తి పరీక్ష చేయించండి. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి కాబట్టి, వేరే రాష్ట్రాల పద్ధతి చూసి అక్టోబర్‌లో చేయిస్తే మన నేలకు సరిపడదు.

శాంపిల్ తీయడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. మోటారు వేసి కనీసం పది నిమిషాలు నీళ్లు పోనివ్వాలి. పైపులో నిలవున్న నీళ్లు పోయి భూమిలోని నీళ్లు రావాలి. అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, గాలి మిగలకుండా నింపాలి. లోహాల పరీక్షకు ల్యాబ్ వాళ్లు యాసిడ్ వేసిన సీసా ఇస్తారు. దాన్ని మాత్రం కడగకూడదు. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు అందించండి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టి, మూడు రోజులు మంచం కింద ఉంచి ఇస్తే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. వీలైతే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌నే ఎంచుకోండి.

ఏం పరీక్ష చేయించాలి? పీహెచ్, టీడీఎస్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫ్లోరైడ్, నీటి గట్టిదనం (హార్డ్‌నెస్), సోడియం. వీటికి తోడు ఆ ఫ్యాక్టరీకి తగ్గవి. వడ్లు ఉడకబెట్టే మిల్లు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ అయితే సీఓడీ (నీటిలోని సేంద్రియ మురికిని చూపే కొలత), అమ్మోనియా. వంటనూనె రిఫైనరీ అయితే ఆయిల్ అండ్ గ్రీజు, ఫాస్ఫేట్, సల్ఫేట్. థర్మల్ కేంద్రం బూడిద చెరువు దగ్గర అయితే సల్ఫేట్, బోరాన్, ఆర్సెనిక్ వంటివి. తోళ్ల పని అయితే క్రోమియం తప్పనిసరి.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్ 250, గత్యంతరం లేకపోతే 1,000. నైట్రేట్ 45 దాటకూడదు. ఫ్లోరైడ్ 1, గరిష్ఠంగా 1.5.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మన తీరంలో బోరు ఉప్పెక్కితే తప్పు ప్రతిసారీ ఫ్యాక్టరీదే కాదు. రొయ్యల చెరువుల ఉప్పు ఉంది, సముద్రపు నీళ్లు లోపలికి రావడం ఉంది. నైట్రేట్ ఎరువుల నుంచీ, మరుగుదొడ్ల గుంతల నుంచీ వస్తుంది. తేడా పట్టుకోవడానికి ఒక చిన్న లెక్క సాయం చేస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు క్లోరైడ్ సుమారు 19,000 మిల్లీగ్రాములు, సల్ఫేట్ సుమారు 2,700. అంటే సల్ఫేట్, క్లోరైడ్‌లో దాదాపు ఏడో వంతు. మీ బోరులో ఏటేటా క్లోరైడ్ కన్నా సల్ఫేట్ వేగంగా పెరుగుతుంటే సముద్రాన్ని, రొయ్యల చెరువును అనుమానించే ముందు, సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడే యూనిట్లనూ బూడిద చెరువునూ చూడాలి. ఒక్క రిపోర్టుతో ఇది తేలదు. వరసగా నాలుగైదు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకే రిజిస్టర్ ముఖ్యమంటున్నాను.

మూడో అడుగు: కాగితాలు చేతికి తెచ్చుకోండి

నీళ్లు వదిలే ఏ పరిశ్రమకైనా ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి (బోర్డు) నుంచి రెండు అనుమతులు కావాలి. కట్టడానికి సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌ఓ. మనకు కావలసింది సీఎఫ్‌ఓ కాపీ. అందులో రోజుకు ఎన్ని కిలోలీటర్ల (కిలోలీటరు అంటే వెయ్యి లీటర్లు) నీళ్లు వాడొచ్చు, ఏ పనికి ఎంత, వ్యర్థజలం ఎంత వస్తుంది, శుద్ధి చేశాక ఎక్కడికి పంపాలి, ఏ ప్రమాణాలు పాటించాలి, అనుమతి ఏ తేదీ దాకా అన్నీ ఉంటాయి.

1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలో 25వ సెక్షన్ కింద, ఈ అనుమతుల షరతుల రిజిస్టర్‌ను బోర్డు నిర్వహించాలి. ఆ ఫ్యాక్టరీ నీళ్ల వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని చూడొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. నెల్లూరులోనే బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉంది. ప్రకాశం వాళ్లకు ఒంగోలులో ఉంది. వెళ్లి అడగండి. ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

సీఎఫ్‌ఓతో పాటు ఇంకో కాగితం అడగండి. ఏటా సెప్టెంబర్ 30 లోపు ఫ్యాక్టరీ బోర్డుకు ఇవ్వాల్సిన పర్యావరణ నివేదిక, ఫారం 5. కిందటి సంవత్సరం ఎంత నీరు వాడారో, ఎంత కాలుష్యం వదిలారో వాళ్లే రాసిచ్చిన లెక్క అది. పర్యావరణ అనుమతి తీసుకున్న పెద్ద ప్రాజెక్టు అయితే ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక కూడా ఇవ్వాలి.

నాలుగో అడుగు: నీటి లెక్క కట్టండి

అసలు పని ఇదే. ఊహకు ఒక బాయిల్డ్ మిల్లును తీసుకుందాం. ఒక టన్ను వడ్లు నానబెట్టడానికి సుమారు ఒక టన్ను నీళ్లు, కొంచెం ఎక్కువే, కావాలి. ఈ మిల్లు రోజుకు 120 కిలోలీటర్లు తోడుతుంది. ఆవిరిగా 25 పోతాయి. మరుగుదొడ్లకు 5. మిగిలిన 90 ఈటీపీకి చేరాలి. కానీ ఈటీపీ బయటి మీటరు సగటున 55 చూపిస్తోంది. ఈటీపీ లోపలే బురదలో, ఆవిరిలో ఓ 3 పోయాయనుకున్నా 32 కిలోలీటర్లకు లెక్క లేదు. నెలకు 26 పనిరోజులు వేసుకుంటే 832 కిలోలీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో నింపితే 166 ట్యాంకర్లు. ఊరి రోడ్డు మీద నెలకు అన్ని ట్యాంకర్లు ఎవరూ చూడలేదంటే, ఆ నీళ్లు కాలవలోకో నేలలోకో పోయాయి. ఈ ఒక్క పేరా రాసి అర్జీకి జతచేస్తే, పది పేజీల ఆవేదన కన్నా బలంగా ఉంటుంది.

ఈటీపీ నిజంగా నడుస్తోందా అన్నది కరెంటు చెబుతుంది. ఈటీపీకి విడిగా మీటరు పెట్టాలని బోర్డు షరతుల్లో సాధారణంగా ఉంటుంది. 10 హెచ్‌పీ బ్లోయర్ (ఈటీపీ తొట్టిలోకి గాలి పంపే యంత్రం) రోజుకు 20 గంటలు తిరిగితే దాదాపు 150 యూనిట్లు కాలాలి. లాగ్‌బుక్‌లో 20 గంటలని రాసి, మీటరులో 30 యూనిట్లే ఉంటే అది నాలుగు గంటలే తిరిగింది. బురద సంగతి కూడా అడగండి. పనిచేసే ఈటీపీ నుంచి బురద తప్పకుండా వస్తుంది. ఏడాదికి ఒక్క లోడు బురద కూడా బయటికి పోలేదంటే అక్కడ శుద్ధి జరగడం లేదని అర్థం.

ఇక "శుద్ధి చేసిన నీళ్లు చెట్లకు పెడుతున్నాం" అనే జవాబు. దీని మీద కాస్త నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే పునర్వినియోగం పేరుతో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. మన ఎండల్లో కూడా నేల మీద రోజుకు ఓ 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే, ఎకరానికి పట్టేది 20 కిలోలీటర్లు. పై మిల్లు 55 కిలోలీటర్లకు దాదాపు మూడు ఎకరాల తోట కావాలి. కంచె వెంట రెండు వరసల చెట్లు ఉంటే అది తోట కాదు, ఇంకుడు గుంట. పైగా నవంబర్‌లో ముసురు పట్టి నేల నానిపోయినప్పుడు ఏ చెట్టుకూ నీళ్లు అక్కర్లేదు. ఆ వారాల నీటిని దాచే ట్యాంకు ఉందా అని అడగండి. లేకపోతే వానలో కలిపి వదిలేస్తున్నారనే అనుకోవాలి.

ఉప్పు లెక్క ఇంకా కళ్లు తెరిపిస్తుంది. భూమి మీద వదిలే నీటిలో టీడీఎస్ లీటరుకు 2,100 మిల్లీగ్రాములు మించకూడదని చాలా అనుమతుల్లో ఉంటుంది. 2,000 ఉందనుకోండి, రూలు ప్రకారం సరే. కానీ లీటరుకు 2 గ్రాముల చొప్పున 55 కిలోలీటర్లలో రోజుకు 110 కిలోల ఉప్పు. ఏడాదికి 312 పనిరోజులకు 34 టన్నులు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరవదు. మూడు ఎకరాల ఇసుక నేలలో ఏటా 34 టన్నులు పోస్తే వాన పడినప్పుడల్లా అది కిందికే దిగుతుంది. అందుకే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములని అడిగి ఊరుకోవద్దు. మొత్తం ఎన్ని టన్నులని అడగండి. మంచి బోరు నీళ్లు కలిపి పలుచన చేసి రిపోర్టు తెచ్చుకునే వాళ్లు కూడా ఈ లెక్కలో దొరికిపోతారు.

ఫ్యాక్టరీ నడిపేవాళ్లకు

నీళ్లను కలపకముందే విడదీయండి. ఉప్పు ఎక్కువున్న నీళ్లు, యాసిడ్ నీళ్లు ఒక దారి. ఆర్గానిక్ మురికి ఉన్నవి ఇంకో దారి. బాయిలర్ కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన నీళ్లు) వంటి శుభ్రమైనవి మూడో దారి. అన్నీ ఒకే తొట్టిలో పడ్డాక శుద్ధి ఖర్చు చాలా పెరిగిపోతుంది. కండెన్సేట్‌ను మళ్లీ బాయిలర్‌కు పంపితే నీరు, ఇంధనం రెండూ మిగులుతాయి. శుద్ధి చేసిన నీటిని మొదట నేల కడగడానికి, కూలింగ్‌కు, బూడిద తడపడానికి వాడండి. తినే సరుకును తాకే చోట మాత్రం వద్దు. చెట్ల వంతు చివర రావాలి. ఆర్‌ఓ పెట్టుకుంటే దాని రిజెక్ట్ నీళ్లు (వడకట్టగా మిగిలే ఉప్పు నీళ్లు) ఎక్కడికి పోతాయో ముందే తేల్చుకోండి. ఆ రిజెక్ట్‌ను గుంటలోకి వదిలితే ఆర్‌ఓ పెట్టి ప్రయోజనం ఏమీ ఉండదు.

నిల్వ గుంటలన్నిటికీ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు వేయండి, చుట్టూ పరిశీలన బోర్లు తవ్వించండి. రూఫ్ మీది వాన నీటిని ఇంకించండి, కానీ యార్డు మీద పారిన నీటిని ఇంకుడు బోరులోకి పంపవద్దు. వ్యర్థజలాన్ని బోరులోకి దింపడం చట్టవిరుద్ధం. 1974 చట్టంలో ప్రవాహం అనే మాటకు భూగర్భ జలం కూడా వస్తుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కూడా భూగర్భ జలాన్ని కలుషితం చేయడాన్ని నిషేధించింది.

ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు గ్రానైట్ కటింగ్ యూనిట్లకు ఇదంతా అక్కర్లేదు. వాళ్ల నీళ్లలో ఉండేది ప్రధానంగా రాతి పొడి. పొడి అడుగుకు దిగే సరైన సెటిలింగ్ ట్యాంకులు ఉంటే అదే నీరు మళ్లీమళ్లీ తిరుగుతుంది. ఆరిన స్లర్రీని (రాతి పొడి బురదను) చెరువుల్లో, వాగుల్లో పోయకపోతే చాలు.

ఐదో అడుగు: తప్పు దొరికితే

మీరు తీసిన శాంపిల్ అనుమానానికి ఆధారం అవుతుంది కానీ ఫ్యాక్టరీ మీద కేసు నిలబడడానికి చాలదు. 1974 చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బోర్డు అధికారి నోటీసు ఇచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరుపక్షాల సంతకాలతో తీసినదే కోర్టులో చెల్లుతుంది. అందుకే అర్జీలో "చర్య తీసుకోండి" అని రాసి వదిలేయకండి. "21వ సెక్షన్ కింద శాంపిల్ తీయండి. ఈటీపీ కరెంటు మీటరు, నీటి మీటర్ల రీడింగులు నమోదు చేయండి. మా ఎగువ, దిగువ బోర్లలో కూడా శాంపిళ్లు తీయండి" అని రాయండి. ఫొటోలకు తేదీ, సమయం, లొకేషన్ ఉండాలి. బోర్డు ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. అదే కాపీ సోమవారం కలెక్టరేట్ అర్జీల కార్యక్రమంలో కూడా ఇవ్వండి. పంచాయతీ తీర్మానం జతచేస్తే ఇంకా మంచిది.

గేటు దూకి లోపలికి వెళ్లవద్దు, పైపులు పగలగొట్టవద్దు. కోపం ఎంత న్యాయమైనదైనా ఆ ఒక్క పనితో కేసు మీ మీదికి తిరుగుతుంది. అక్కడ కూలికి వెళ్లే మన ఊరి వాళ్లను కూడా శత్రువులుగా చూడకండి. రాత్రి ఏ వాల్వు తెరుస్తారో తెలిసేది వాళ్లకే. వాళ్ల పేరు ఎక్కడా రాయకండి.

అదే చట్టం 33ఏ సెక్షన్ కింద ఫ్యాక్టరీ మూయమనీ, కరెంటు, నీళ్లు ఆపమనీ ఆదేశించే అధికారం బోర్డుకు ఉంది. బోర్డు కదలకపోతే రెండు దారులు. ఒకటి, 49వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే కోర్టులో ఫిర్యాదు చేయడం. రెండోది, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్, చెన్నైలోని దాని దక్షిణ బెంచి. అక్కడ గడువు చాలా ముఖ్యం. వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లో వెళ్లాలి. నష్టపరిహారం అడగడానికైతే ఐదేళ్లు. మీ రిజిస్టర్‌లో నీళ్లు మారిన తేదీ ఉంటే ఆ గడువు ఎక్కడ మొదలైందో స్పష్టంగా చూపించవచ్చు. లాయర్ ఖర్చు గురించి టెన్షన్ పడకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం అందుతుంది.

కేసు నడుస్తున్నన్నాళ్లూ ఇంట్లో పిల్లలు ఆ నీళ్లు తాగుతూ ఉండకూడదు. మొదటి అర్జీలోనే, తేలేదాకా ఊరికి మంచినీళ్లు సరఫరా చేయాలనీ, ఆ ఖర్చు తర్వాత కాలుష్యం చేసినవారి నుంచి రాబట్టాలనీ అడగండి. చెడిన ఫిల్టర్ పాయింట్‌కు ఎర్ర రంగు వేయండి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఉప్పు, నైట్రేట్, లోహాలు పోవు. నీరు ఆవిరయ్యే కొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి.

మామయ్య వాళ్ల ఊళ్లో ఇప్పుడు రిజిస్టర్ పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంటుంది, ఒక జిరాక్స్ కాపీ బడిలో. నెలలో మొదటి ఆదివారం ఆరు బోర్లు కొలుస్తున్నారు. రీడింగులు రాసేది అత్తయ్య.